అర్ధరాత్రి పార్సెల్ దుకాణానికి లైసెన్సు: వరంగల్‌లో ఏ కౌంటర్ ఎట్లా పనిచేస్తోంది?

రాత్రి పదకొండు దాటాక మన దగ్గర తిండి దొరికే చోట్లు రెండు రకాలు. ఒకటి మెయిన్ రోడ్డు అడ్డాలు: హనుమకొండ చౌరస్తా, కాజీపేట స్టేషన్ బయట, వరంగల్ స్టేషన్ రోడ్డు. రెండోది ఇళ్ల మధ్య గల్లీలు: భీమారం, కిషన్‌పుర, నయీంనగర్ హాస్టళ్ల చుట్టుపక్కల, ఎంజీఎం ఆసుపత్రి వెనకాల. కింద షట్టర్, పైన ఓనర్ కాపురం. పది బై పన్నెండు గదిలో హై ప్రెషర్ పొయ్యి, నల్లబడ్డ కడాయి, ముందు స్టీలు కౌంటర్. కూర్చునే చోటుండదు, అంతా పార్సెలే.

ఈ సమీక్ష రెండో రకం దుకాణానికి లైసెన్సు ఇచ్చే సేవ గురించి. బిర్యానీ రుచి జోలికి పోవడం లేదు. దుకాణం సక్రమంగా నడవాలంటే ఫుడ్ లైసెన్స్, మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్, లేబర్ రిజిస్ట్రేషన్, రాత్రి తెరిచి ఉంచే అనుమతి, కరెంటు కేటగిరీ మార్పు... ఇన్ని చోట్ల కాగితం పుట్టాలి. మార్కులు ముందే చెప్పేస్తే, ఫుడ్ లైసెన్సుకు ఐదుకు నాలుగు, ట్రేడ్ లైసెన్సుకు మూడు, కరెంటుకు మూడు, రాత్రి అనుమతికి రెండు. పక్కింటివాళ్ల మాట వినే కౌంటర్‌కు మార్కులు వేయలేం, ఎందుకంటే అట్లాంటి కౌంటరే లేదు.

ఫుడ్ లైసెన్స్ నుంచి మొదలుపెడదాం. మిగతా కాగితాలు ఎన్ని ఉన్నా ఇది లేకపోతే డెలివరీ యాప్‌లు దుకాణాన్ని ఎక్కించుకోవు. ఫుడ్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టే ఫాస్కాస్ పోర్టల్ 2020లో వచ్చింది, పాతదానికంటే చాలా నయం. 2011 నిబంధనలు మొదట గీసిన గీత ప్రకారం ఏటా 12 లక్షల అమ్మకం దాకా రిజిస్ట్రేషన్, ఆపైన 20 కోట్ల దాకా రాష్ట్ర లైసెన్సు. రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలు, హోటల్ తరహా దుకాణానికి రాష్ట్ర లైసెన్సు 2,000. ఈ పరిమితులు, ఫీజులు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే రోజున పోర్టల్‌లోని అర్హత పేజీ ఏం చూపిస్తే అదే లెక్క.

12 లక్షలంటే పెద్ద మొత్తంలా వినిపిస్తుంది. భాగించి చూడండి. రోజుకు 3,300 కూడా కాదు. ప్లేటు 90 రూపాయల ఫ్రైడ్ రైస్ అయితే రోజుకు 37 పార్సెళ్లు. హాస్టళ్ల గల్లీలో నడిచే దుకాణం ఇంత అమ్మకాన్ని తొమ్మిదిన్నరకే దాటేస్తుంది. అయినా 100 రూపాయల రిజిస్ట్రేషన్ మీదే ఏళ్ల తరబడి బండి లాగేవాళ్లే ఎక్కువ. చేతి డబ్బుతో నడిచినన్నాళ్లు ఇది ఎవరికీ తెలియదు. యూపీఐ, యాప్ లెక్కలు వచ్చాక ఏడాది అమ్మకం ఎంతో పోర్టల్ కంటే ముందు బ్యాంకుకు తెలుస్తోంది.

రిజిస్ట్రేషన్‌కు కాగితాలు తక్కువ. ఫొటో, ఆధార్, దుకాణం చిరునామాకు కరెంటు బిల్లు లేదా కిరాయి ఒప్పందం. తప్పులు జరిగేది రెండు చోట్ల. మొదటిది జిల్లా. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఒక్కటే, జిల్లాలు మాత్రం రెండు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. కాజీపేట, సుబేదారి, నయీంనగర్ దుకాణాలు హనుమకొండ జిల్లా కింద పెట్టాలి. కాశిబుగ్గ, శివనగర్, రంగశాయిపేటవి వరంగల్ జిల్లా. పాత ఆధార్ మీద వరంగల్ అర్బన్ అని ఉంటుంది, పోర్టల్‌లో ఆ పేరు కనిపించదు, ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి ‘వరంగల్’ నొక్కేస్తాడు. ఫైలు అవతలి జిల్లా అధికారి లాగిన్‌లో పడి వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చిన ఫైలుకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే తిరస్కరణ. కట్టిన ఫీజు రాదు.

రెండో తప్పు వ్యాపారం రకం. తోపుడు బండి వ్యాపారమని, టీ, స్నాక్స్ చిల్లర దుకాణమని ఎంచుకుంటే పని సులువుగా అయిపోతుందని చాలామంది అదే పెడతారు. షట్టర్ లోపల పొయ్యి పెట్టి చికెన్ వండి అమ్మే దుకాణం ఫుడ్ సర్వీస్ కిందికి వస్తుంది. తనిఖీ నాడు కాగితం మీద టీ కొట్టు, ఎదురుగా తందూరీ పొయ్యి కనిపిస్తే కాగితం ఉండి కూడా లేనట్టే.

రిజిస్ట్రేషన్ విషయంలో నిబంధన దరఖాస్తుదారు పక్షాన ఉందని చాలామందికి తెలియదు. ఏడు రోజుల్లో ఇవ్వడమో, కారణం రాసి తిరస్కరించడమో, తనిఖీ నోటీసు ఇవ్వడమో చేయాలి. తనిఖీ పెడితే 30 రోజుల్లో తేల్చాలి. ఏదీ జరగకపోతే వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలిస్తే ‘ఇంకో రెండు వేలు ఇస్తే తొందరగా చేయిస్తా’ అనే మధ్యవర్తితో పని ఉండదు. ఇంకో జాగ్రత్త: సెర్చ్‌లో పైన కనిపించే సైట్లలో చాలావరకు ప్రైవేటు ఏజెన్సీలవి. అశోక చక్రం రంగులతో అచ్చం సర్కారు సైటులాగే ఉంటాయి. చిరునామా చివర ‘గవ్ డాట్ ఇన్’ లేకపోతే బయటికి వచ్చేయండి. 100 రూపాయల పనికి 2,500 తీసుకునేది వాళ్లే.

వచ్చిన 14 అంకెల నంబరును కొనేవాళ్లు కూడా చదవొచ్చు. మొదటి అంకె 2 అయితే రిజిస్ట్రేషన్, 1 అయితే లైసెన్సు. తర్వాతి రెండంకెలు రాష్ట్రం, మనకు 36. ఆ తర్వాతి రెండూ జారీ అయిన ఏడాది. 2022 జనవరి నుంచి ఈ నంబరు బిల్లు మీద ఉండటం తప్పనిసరి. గోడ మీద ఒక నంబరు, యాప్‌లో ఇంకో నంబరు ఉందంటే అది వేరే బ్రాంచిదో, పాత ఓనర్‌దో అయి ఉంటుంది. ప్రతి చిరునామాకూ నంబరు విడిగా ఉండాలి.

ఒక మార్కు ఎందుకు తగ్గించామంటే, ఈ పోర్టల్ వంటగదిని అడుగుతుంది, గంటను అడగదు. దుకాణం సాయంత్రం ఆరింటికి మూస్తారా, రాత్రి రెండింటికి మూస్తారా అన్నదానికి ఫారంలో తేడా లేదు. కానీ రాత్రి వ్యాపారంలో ఆరోగ్య సమస్యలు గంటతోనే వస్తాయి. ఫ్రైడ్ రైస్ సంగతే చూడండి. మెతుకు విడివిడిగా రావాలని అన్నం ముందే వండి, పెద్ద బేసిన్‌లో ఆరబెట్టి కౌంటర్ కింద పెడతారు. సాయంత్రం ఐదుకు వండిన అన్నం అర్ధరాత్రి ఒంటిగంటకు కడాయిలో పడుతుంది. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు వంట వేడికి చావవు. గోరువెచ్చని అన్నంలో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేయించినా పోదు. మంట ఎంత ఎగిసినా లాభం లేదన్నమాట. వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచితే 5 డిగ్రీల లోపు, మధ్యలో ఉంచొద్దు. ఆచరణలో దీనికి మార్గం ఒకటే: అన్నం రెండు విడతలుగా, సాయంత్రం ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నరకు ఇంకోసారి వండాలి. ఆరబెట్టేటప్పుడు లోతు బేసిన్ బదులు రెండంగుళాల మందం దాటని వెడల్పు పళ్లాలు వాడి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. లోతు బేసిన్‌లో పైమెతుకు చల్లగా ఉన్నా నడుమ మూడు గంటలు వెచ్చగానే ఉంటుంది.

షవర్మా, మోమోలు అమ్మేవాళ్లు మయోనైజ్ సంగతి చూసుకోవాలి. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. నిషేధం సంగతి అటుంచినా, పచ్చి గుడ్డు మయోనైజ్ రాత్రి ఆరు గంటల పాటు కౌంటర్ మీద ఉండే దుకాణానికి అసలు పనికిరాదు. గుడ్డు లేని రకం సీలు డబ్బాల్లో దొరుకుతుంది. తెరిచిన తేదీ మార్కర్‌తో డబ్బా మీదే రాసిపెట్టండి.

నూనెకు కొలత ఉంది. పోలార్ కాంపౌండ్లు, అంటే మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పుట్టే చెడు పదార్థాలు, మొత్తం 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. 2018 జులై నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. చేతిలో పట్టుకునే మీటర్ ఉంటే మంచిదే. లేని చోట నురుగు మూకుడు అంచు దాకా లేచి అణగకపోవడం, పొగ తొందరగా రావడం, బజ్జీ తీశాక నూనె తీగలా సాగడం చూసి మార్చేయాలి. పాత నూనెలో కొత్త నూనె కలిపితే బాగవదు, కొత్తది కూడా పాడవుతుంది.

పార్సెల్ దుకాణం అంటేనే ప్యాకింగ్. మిర్చి, బజ్జీలు పేపర్లో చుట్టివ్వడం ఇంకా ఆగలేదు. 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం అది తప్పు, అచ్చు సిరా నూనెలోకి దిగుతుంది. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు కూడా నిషేధం. స్టీలు డబ్బా తెచ్చుకున్నవారికి ఐదు రూపాయలు తగ్గించే దుకాణం ఉంటే అక్కడే కొనండి.

ట్రేడ్ లైసెన్స్ కార్పొరేషన్ ఇస్తుంది. 2019 మున్సిపాలిటీల చట్టం కింద ఆన్‌లైన్‌లో, స్వీయ ధ్రువీకరణ మీద. ఫీజు దుకాణం వైశాల్యం, ముందున్న రోడ్డు వెడల్పు బట్టి ఉంటుంది. ఫారం తేలికే. ఇరుక్కునేది ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు దగ్గర. గల్లీ ఇళ్లలో చాలావరకు నివాసం కిందే పన్ను కడుతున్నాయి. కింది షట్టర్‌కు ట్రేడ్ లైసెన్స్ తీసుకుంటే ఆ భాగం వాణిజ్యం కిందికి మారుతుంది, పన్ను పెరుగుతుంది. అందుకే చాలామంది ఓనర్లు ‘కిరాయి ఇస్తా, కాగితం ఇవ్వను’ అంటారు. దుకాణం పెట్టేవారు అడ్వాన్స్ ఇచ్చాక ఈ మాట వినడం మామూలే. ఒప్పందం రాసుకునే రోజే రెండు వాక్యాలు అందులో రాయించుకోండి: వాణిజ్య వాడకానికి ఓనర్ అనుమతి ఉన్నట్టు, పెరిగిన పన్ను, కరెంటు తేడా ఎవరు భరిస్తారో. ఈ రెండు లేని ఒప్పందం 11 నెలల కాగితం తప్ప ఇంకేం కాదు.

స్వీయ ధ్రువీకరణ అంటే తనిఖీ లేకుండా లైసెన్సు చేతికి రావడం. దుకాణదారుకు సుఖమే. కానీ పొగ ఎటు పోతుంది, కడిగిన నీళ్లు ఎటు పోతాయి అన్నది ఎవరూ వచ్చి చూడరు. రెండు మార్కులు అక్కడే పోయాయి.

పొగ సంగతి దగ్గరనుంచి చూద్దాం. మామూలుగా కనిపించే ఏర్పాటు: వెనక గోడకు ఏడడుగుల ఎత్తులో జానెడు వెడల్పు ఎగ్జాస్ట్ ఫ్యాన్. అవతల మూడడుగుల సందు, సందుకు అటుపక్క వేరేవాళ్ల పడకగది కిటికీ. రెండు నెలల్లో ఆ కిటికీ దోమతెర మీద తేనెరంగు జిడ్డు కడుతుంది, వేలితో తాకితే అంటుకుంటుంది. ఎండుమిర్చి వేయించినప్పుడల్లా ఆ ఇంట్లో దగ్గు. దీనికి మందు ఫ్యాన్ సైజు పెంచడం కాదు. పొయ్యి అంచులు దాటి నాలుగు వైపులా ఆరేసి అంగుళాలు ముందుకొచ్చే హుడ్ కావాలి. అందులో జాలీ బదులు బాఫిల్ ఫిల్టర్లు (పొగను వంకర తిప్పి జిడ్డు పట్టే మడత రేకులు) ఏటవాలుగా బిగించి, కింద జిడ్డు కారే గాడి పెట్టాలి. జాలీ రెండు వారాల్లో పూడుకుపోతుంది, దానికి మంట అంటుకునే ప్రమాదమూ ఉంది. హుడ్ నుంచి రేకు గొట్టం ఇంటి పైకప్పు దాటి కనీసం మూడడుగులు పైకి పోవాలి. వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది. ప్రతి వంపు దగ్గరా జిడ్డు నిలుస్తుంది. ఖర్చు తగ్గుతుందని పీవీసీ పైపు వేసేవాళ్లున్నారు. కడాయి మంట సెగకు అది మెత్తబడి వంగుతుంది, ఒక్కసారి అంటుకుంటే ఆపలేరు. ఫిల్టర్లు వారానికోసారి వేడినీళ్లు, సోడాతో కడగాలి.

కడిగిన నీళ్లది ఇంకో కథ. నూనె గిన్నెల నీళ్లు నేరుగా మోరీలోకి వదిలితే చలికాలంలో నూనె గడ్డకట్టి గల్లీ చివర మలుపు దగ్గర మోరీ పొర్లుతుంది. నయీంనగర్ నాలా పక్క కాలనీలు 2020 ఆగస్టులో, 2023 జులైలో ఎట్లా మునిగాయో అందరికీ గుర్తుంది. ఆ వరదకు ఫ్రైడ్ రైస్ దుకాణాలు కారణమని ఎవరూ అనరు. కానీ మోరీలు ముందే సగం పూడి ఉంటే చిన్న వానకు కూడా గల్లీలో నీళ్లు నిలుస్తాయి. సింకు కింద రెండు అరల జిడ్డు తొట్టి పెట్టాలి. మొదటి అరలో నీళ్లు నెమ్మదించి జిడ్డు పైకి తేలాలి, రెండో అర నుంచి బయటికి పోయే పైపు మూతి నీటి మట్టానికి కింద ఉండాలి. పైపు మూతి పైన ఉంటే తేలిన జిడ్డు కూడా దాంతోపాటే పోతుంది, తొట్టి ఉన్నా లేనట్టే. జిడ్డు తొట్టి లోతులో నాలుగో వంతుకు రాగానే తీసేయాలి.

ఇక గంట విషయం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఫుడ్ లైసెన్స్, ట్రేడ్ లైసెన్స్ రెండూ చేతిలో ఉంటే రాత్రంతా తెరవొచ్చని చాలామంది అనుకుంటారు. కుదరదు. తెరిచే, మూసే వేళలు దుకాణాలు, సంస్థల చట్టం, 1988 కింద లేబర్ శాఖ పరిధిలో ఉంటాయి. దుకాణం మొదలుపెట్టిన 30 రోజుల్లో అక్కడ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. 24 గంటలూ తెరుచుకోవడానికి ప్రభుత్వం 2023 ఏప్రిల్ 4న జీవో 4 ఇచ్చింది. వార్తల్లో ‘తెలంగాణలో ఇక దుకాణాలు 24 గంటలు’ అని రావడంతో అందరికీ దానంతటదే వచ్చినట్టు ప్రచారమైంది. దరఖాస్తు పెట్టి, ఏటా 10,000 రూపాయల ఫీజు కట్టి, షరతులు ఒప్పుకున్న దుకాణానికే ఆ వెసులుబాటు. షరతులు: పనివాళ్లకు గుర్తింపు కార్డులు, వారానికో సెలవు, పని గంటల పరిమితి, ఎక్కువ గంటలకు ఓవర్‌టైం జీతం, పండుగ సెలవు నాడు పనిచేస్తే బదులు సెలవు, రాత్రి షిఫ్టులో మహిళలుంటే వాళ్ల సమ్మతి, ఇంటికి చేర్చే బండి, రికార్డులు.

2024 ఆగస్టులో ముఖ్యమంత్రి అసెంబ్లీలో ఒంటిగంట దాకా తెరుచుకోవచ్చని చెప్పిన మాట హైదరాబాద్ గురించి. పెట్రోలింగ్ బండి వచ్చినప్పుడు మన గల్లీల్లో ఆ వీడియో చూపించి వాదించడం వల్ల ఏమీ ఒరగదు.

జీవో మంచిదే, కానీ ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాశారో చదివితే తెలిసిపోతుంది. సూపర్ మార్కెట్‌కు 10,000 ఒక పూట ఖర్చు. ఇద్దరు పనివాళ్లతో నడిచే పార్సెల్ దుకాణానికి అది నెల కిరాయి. ఫుడ్ రిజిస్ట్రేషన్ 100, రాత్రి అనుమతి 10,000. తెల్లవార్లూ కాకుండా ఒంటిగంట దాకే తెరిచే దుకాణానికి విడిగా మధ్యరకం అనుమతి లేదు. కాబట్టి చిన్నవాళ్లు ఏ కాగితమూ తీసుకోకుండా షట్టర్ సగం దించి, లోపల లైటు వేసి, డెలివరీ పిల్లలను వెనక సందు నుంచి పిలుస్తారు. సగం దించిన షట్టర్ కింద గాలి ఆడక పొయ్యి దగ్గరి మనిషికి సెగ, పక్కింటికి పొగ రెండింతలు అవుతాయి. ఈ కౌంటర్‌కు రెండే మార్కులు వేయడానికి కారణం అది.

గంటల లెక్క వేసుకోకుండా ఎవరూ దిగొద్దు. సాయంత్రం నాలుగుకు కోత, ఆరుకు పొయ్యి, ఒంటిగంటకు మూత, రెండు దాకా కడుగుడు. అక్కడికే పది గంటలు. రోజుకు ఎనిమిది, వారానికి 48 గంటల పరిమితి ఉన్న పనివాడితో వారమంతా ఇట్లా నడపలేరు. కోతకు ఒకరు, పొయ్యికి ఒకరు అని వేళలు మార్చి పెట్టుకోవాల్సిందే.

కరెంటు విషయం తొందరగా చెప్పుకోవచ్చు. నక్కలగుట్ట ఆఫీసు నుంచి నడిచే కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్ దగ్గర ఇంటి మీటర్ కేటగిరీ ఒకటి, దుకాణానిది కేటగిరీ రెండు. ఇంటి మీటర్ మీద ఫ్రీజర్, ఎగ్జాస్ట్, గ్రైండర్ నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం. ఎప్పటి నుంచో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు, రెండింతల రేటుతో లెక్కేస్తారు. నోటీసు వచ్చేది ఓనర్ పేరు మీద. షట్టర్‌కు విడిగా వాణిజ్య మీటర్ పెట్టించుకుంటే ఈ గొడవే ఉండదు. సేవ పర్వాలేదు, కానీ ఓనర్ సంతకం లేకుండా ఫైలు కదలదు.

గ్యాస్ దగ్గర మాత్రం ఆగి చూడాలి. ఇంటి సిలిండర్ 14.2 కిలోలది, దుకాణంలో అది పెట్టడమే నేరం. వ్యాపారానికి 19 కిలోలది. లైసెన్సు లేకుండా ఒకచోట 100 కిలోల దాకా నిల్వ ఉంచుకోవచ్చు. అంటే ఐదు సిలిండర్లకు 95 కిలోలు, ఆరోది పెట్టకూడదు. ఖాళీ అనుకున్న దాంట్లోనూ గ్యాస్ ఉంటుంది, అది కూడా లెక్కే. సిలిండర్ నిలబెట్టే ఉంచాలి. గ్యాస్ సరిగా రావట్లేదని పడుకోబెట్టి, వేడినీళ్ల టబ్బులో పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది. పడుకోబెడితే ద్రవం నేరుగా పైపులోకి వచ్చి పొయ్యి దగ్గర భగ్గుమంటుంది. ఎల్పీజీ గాలికంటే బరువు, నేలమీద పరుచుకుంటుంది. కాబట్టి గాలి సందు గోడ అడుగున ఉండాలి, పైన వెంటిలేటర్ ఒక్కటే ఉంటే చాలదు. మెట్ల కింద సిలిండర్లు పెడితే పైన కాపురమున్నవాళ్లకు దిగే దారే ఉండదు. నూనె మంటకు నీళ్లు కొట్టొద్దు. మూత వేసి గ్యాస్ కట్టేయాలి. మంటలార్పే సిలిండర్లు రెండు కావాలి: గోడకు ఏబీసీ రకం ఒకటి, వేపుడు మూకుడు దగ్గర నూనె మంటలకు పనికొచ్చే వెట్ కెమికల్ రకం ఒకటి ఉండాలి. వాటిని పొయ్యి వెనక తగిలించొద్దు, మంట లేచినప్పుడు చెయ్యి అందేది గుమ్మం పక్కనే.

చప్పుడుకు కూడా చట్టంలో అంకెలున్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నివాస ప్రాంతంలో 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతంలో 55. ఆసుపత్రి, కోర్టు, విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో 40. ఎంజీఎం చుట్టూ రాత్రి తిండి అవసరం అందరికంటే ఎక్కువ, రోగుల వెంట వచ్చిన ఊళ్లవాళ్లకు ఆ వేళ ఇంకెక్కడ దొరుకుతుంది? కానీ అనుమతించిన చప్పుడు అందరికంటే తక్కువ ఉండేదీ అక్కడే. హై ప్రెషర్ పొయ్యి హోరు, కడాయి అంచున గంటె కొట్టే చప్పుడు, స్టాండు వేసి ఇంజన్ ఆపని బైకులు, ‘అన్నా, ఆర్డర్ నంబర్ నలభై రెండు’ అనే కేక. మొదటి రెండింటిని దుకాణదారు తగ్గించగలడు. కడాయి కింద ఇనుప రింగు వదులుగా లేకుండా బిగిస్తే మోత సగం పోతుంది. మిగతా రెండు రోడ్డు మీదివి. వాటికి ఏ లైసెన్సులోనూ గడి లేదు.

ఇంగ్లండ్‌లో దీన్ని వేరే తీరుగా చూస్తారు. అక్కడ 2003 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం రాత్రి 11 నుంచి ఉదయం 5 మధ్య వేడి ఆహారం అమ్మాలంటే దానికి విడిగా లైసెన్సు కావాలి. దరఖాస్తు పెట్టినవారు లేత నీలి కాగితం మీద నోటీసు దుకాణానికి అంటించాలి. 28 రోజుల్లో ఇరుగుపొరుగు అభ్యంతరం రాసి ఇవ్వొచ్చు. దాన్నిబట్టి మూసే వేళ తగ్గించడమో, షరతు పెట్టడమో జరుగుతుంది. ఆ చట్టాన్ని ఇక్కడ దించమని కాదు. మన గల్లీల్లో ఓనర్ ఇల్లు దుకాణం మీదే ఉంటుంది, రంజాన్ నెలలో మండీబజార్ సహర్ దాకా మేలుకుంటుంది, మేడారం జాతర రోజుల్లో ములుగు రోడ్డు నిద్రేపోదు. ఒక్క నీలి కాగితం అలవాటు మాత్రం తెచ్చుకోవచ్చు. జీవో 4 కింద రాత్రి అనుమతి ఇచ్చేముందు షట్టర్ మీద పదిహేను రోజులు నోటీసు, ఎదురింటికీ పక్కింటికీ ఒక కాపీ. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక షరతు కలిపితే చాలు.

అప్పటిదాకా ఇబ్బంది పడేవాళ్లు ఫిర్యాదును ముక్కలు చేసి సరైన కౌంటర్‌కు పంపాలి. ‘రాత్రి దుకాణంతో న్యూసెన్స్’ అని ఒకే కాగితం రాసి సోమవారం ప్రజావాణిలో ఇస్తే అది నాలుగు శాఖలు తిరిగి ఎక్కడా ఆగదు. తిండి శుభ్రత గురించైతే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో 14 అంకెల నంబరుతో పెట్టాలి. 1800112100కు ఫోన్ కూడా చేయొచ్చు. పొగ, మోరీ, చెత్త కార్పొరేషన్‌వి. కాజీపేట, కాశిబుగ్గ సర్కిళ్లలో మీది ఏదో చూసి ఆ ఆఫీసులోనే ఇవ్వాలి. వేళలు లేబర్ ఆఫీసుకు. అప్పటికప్పుడు జరిగే గోలకు 100. ఇంటి మీటర్ వాడకం 1912కు.

ఫిర్యాదులో విశేషణాల కంటే కొలతలు పనిచేస్తాయి. ఫ్యాన్ నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తులో ఉంది, మీ కిటికీకి ఎన్ని అడుగుల దూరం, వరసగా ఏడు రాత్రులు షట్టర్ మూసిన సమయం, కిటికీ జిడ్డు ఫొటో మీద తేదీ. చెత్త గురించైతే రాత్రి ఒంటిగంటకు బయట పెట్టిన సంచి ఫొటో ఒకటి, ఉదయం చెత్త ఆటో రాకముందు కుక్కలు చింపిన అదే సంచి ఫొటో ఇంకొకటి. దుకాణదారు తరఫున జవాబు కూడా చిన్నదే: మూత బిగుసుకునే 60 లీటర్ల డబ్బాలు రెండు, తడికి ఒకటి, పొడికి ఒకటి, ఆటో వచ్చేదాకా షట్టర్ లోపలే.